పెట్ స్కాన్: మెరిసిందల్లా క్యాన్సర్ కాదు

పెట్ అంటే పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ. ఎక్కువగా వాడే రసాయనం గ్లూకోజ్‌ను పోలిన ఎఫ్‌డీజీ; అందులోని ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. కణితి కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను విపరీతంగా వాడి లాక్టేట్‌గా మార్చడమే వార్‌బర్గ్ ప్రభావం; అందుకే అవి స్కాన్‌లో మెరుస్తాయి. ఒట్టో వార్‌బర్గ్‌కు 1931లో వైద్య నోబెల్ వచ్చింది శ్వాసక్రియ ఎంజైమ్‌పై పరిశోధనకు; క్యాన్సర్‌పై పరిశోధనకు కాదు.

తప్పుడు పాజిటివ్: క్షయ, సార్కాయిడోసిస్, చలిలో మెడ దగ్గరి గోధుమ కొవ్వు, టీకా తర్వాత చంకలో ఉబ్బిన లింఫు గ్రంథులు. మన దేశానికి క్షయే కీలకం. ఊపిరితిత్తిలో క్షయ గడ్డ అచ్చం కణితిలాగే మెరుస్తుంది. వాపు కణాలకూ గ్లూకోజ్ కావాలి మరి. నిర్ధారణ బయాప్సీతోనే.

తప్పుడు నెగెటివ్: మరీ చిన్న కణితులు, నెమ్మదిగా పెరిగే ప్రొస్టేట్ క్యాన్సర్ (దానికి పీఎస్ఎంఏ అనే ప్రొస్టేట్ కణాల ప్రోటీన్‌ను వెతికే పెట్), రక్తంలో అధిక చక్కెర. అందుకే స్కాన్‌కు ముందు 4-6 గంటల ఉపవాసం.