రిషభం ఏదిరా?

ముందు గోడకు ఒక మేకు కొట్టండి. వాద్యం సంగతి తర్వాత.

నేనీ పని నాలుగు నెలలు ఆలస్యంగా చేశాను. నలభై మూడో ఏట ఉకులేలే నేర్చుకోవాలని బుద్ధిపుట్టి, రెండున్నర వేలు పోసి ఒకటి కొని, సంచీలో పెట్టి, జిప్పు లాగి బీరువా మీద పడేశాను. వాయించాలంటే స్టూలు ఎక్కాలి, సంచీ దించాలి, దుమ్ము దులపాలి, జిప్పు తియ్యాలి. ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి అంత ఓపిక ఎక్కడిది? ఒక ఆదివారం విసుగొచ్చి వంటింటి గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించాను. ఆ రోజు నుంచి టీ మరిగేలోపు చెయ్యి దానంతటదే అటు పోవడం మొదలైంది. క్రమశిక్షణ, సంకల్పబలం లాంటి పెద్ద మాటలు నాకెప్పుడూ అచ్చిరాలేదు. మేకు అచ్చొచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఉకులేలే చూడ్డానికి గిటార్ పిల్లలా ఉంటుంది. తీగలు నాలుగే, అవీ నైలాన్‌వి. ఊరు హవాయి అంటారు గానీ దాని మూలం పోర్చుగీసువాళ్ల మదీరా దీవిలో ఉంది. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ చెరకు తోటల పనికి నాలుగు వందల మందికి పైగా జనాన్ని మదీరా నుంచి తెచ్చి హోనోలులులో దించింది. అందులో మాన్యుయెల్ నూనెస్, ఆగస్టో డయస్, జోసే దో ఎస్పిరితో శాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. బల్లలు, బీరువాలు చేసే పనివాళ్లు. తర్వాత పట్నంలో కొట్లు పెట్టుకుని, తమ ఊరి బుల్లి గిటార్‌ని అక్కడ దొరికే కోవా చెక్కతో చెయ్యడం మొదలుపెట్టారు. కోవా అంటే మన తుమ్మకు దూరపు చుట్టమే. చెక్క మారింది, శ్రుతి మారింది, పేరూ మారింది. ‘ఉకు’ అంటే పేను లాంటి పురుగు, ‘లేలే’ అంటే గంతు. తీగల మీద వేళ్ల దూకుడు చూసి ఆ పేరు పెట్టారంటారు. హవాయి రాజు కలకావా దాన్ని కొలువులో కూర్చోబెట్టాక మర్యాద వచ్చింది.

‘మనకు వీణ ఉండగా ఇదెందుకండీ’ అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. వయొలిన్ మాత్రం మన పెరట్లో కాసిందా? పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి ఎనిమిది తీగలు తీసేసి అయిదు పెట్టుకుని దాని మీద త్యాగరాజ కృతులు పలికించలేదా? ఆయన ఎక్కడ, నేనెక్కడ అనుకోండి. అయినా ఆ ప్రశ్నకు జవాబైతే అదే.

ఇక చేత్తో చేసిన వాద్యం మాట. మొదటే మంచిది కొంటే శ్రద్ధ పుడుతుందని దుకాణాలవాళ్లు చెబుతారు. నేను చూసినంతలో శ్రద్ధ కంటే ముందు భయం పుడుతుంది. నా స్నేహితుడొకడు హవాయి నుంచి కోవా ఉకులేలే తెప్పించాడు. అలాంటి వాటికి ధర వెయ్యి డాలర్లు దాటుతుంది. రెండేళ్లయింది. ఇప్పటికీ అది పెట్టెలో పట్టు గుడ్డ కింద నిద్రపోతోంది. అంత ఖరీదైన దాని మీద అపస్వరం మీటడానికి వాడికి మనసొప్పదు. అపస్వరం మీటకుండా స్వరం ఎలా వస్తుందో నాకైతే తెలీదు. అందుకే ముందు చౌకది కొని, దాన్ని హింసించండి. ‘ఇది నాకు చాలట్లేదు, ఫలానా చోట ఇబ్బందిగా ఉంది’ అని మీ వేళ్లే చెప్పిన రోజున చేసేవాడి దగ్గరికి వెళ్లండి.

నాకు ఆ రోజు రావడానికి ఏడాది పట్టింది. నా చేతివేళ్లు లావు. సొప్రానో అనే చిన్న సైజులో మెట్లు మరీ దగ్గర దగ్గరగా ఉండి ఒకదాని మీద నొక్కితే పక్క తీగ మూలిగేది. ఒంటిచేత్తో వర్క్‌షాపు నడిపే ఒకాయనకు ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. ‘అయితే మీకు సొప్రానో కన్నా పెద్దదైన కన్సర్ట్ సైజు చేస్తాను, మెడ కాస్త వెడల్పు పెడతాను’ అన్నాడాయన. ఏడాది కిందటైతే ఏం కావాలో నేను చెప్పగలిగేవాణ్ని కాదు. ‘మంచిది చెయ్యండి’ అనేవాణ్ని. చెక్క మామిడి. నవ్వకండి, హవాయిలోనూ మామిడితో చేస్తారు. అయిదు నెలలు ఆగమన్నాడు. బొబ్బిలి దగ్గర ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసేవాళ్లు కూడా గిరాకీ కోసం చెక్కని తొందరపెట్టరు. ఆరని చెక్కతో చేసింది తర్వాత మెలి తిరుగుతుంది.

చేతిపని అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్తాను. హోనోలులులో శామ్యూల్ కమాకా 1916లో మొదలుపెట్టిన ఉకులేలే కర్మాగారం ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అక్కడ వినికిడి లేనివాళ్లు పనిలో చేరి, చెక్కని తట్టినప్పుడు వేళ్లకు తగిలే అదురుని బట్టి మందం సరిగ్గా ఉందో లేదో పసిగట్టేవారు. చెవులున్న మనం ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనేస్తాం.

మీరు కొనేటప్పుడు ఒక పరీక్ష చెయ్యండి. ఖాళీ తీగ మీటండి. తర్వాత అదే తీగని పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటండి. సరిగ్గా పై స్థాయిలో అదే స్వరం రావాలి. రాకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా తిరిగిచ్చెయ్యండి. కొత్త నైలాన్ తీగలు సాగుతాయి కాబట్టి మొదటి వారం పది రోజులు శ్రుతి నిలవదు. అది వాద్యం తప్పు కాదు, బిరడలు తిప్పుతూ ఉండాల్సిందే. మే నెలలో మూసిన కారులో మాత్రం వదలకండి. బంక మెత్తబడుతుంది, చెక్క పగులుతుంది.

సాధన దగ్గరికి వద్దాం. మొదటి కార్డు, అంటే స్వరాల పట్టు, ‘సి’కి ఒక్క వేలు చాలు. కింది తీగ, మూడో మెట్టు. ‘ఎ మైనర్’కీ ఒక్క వేలే. పై తీగ, రెండో మెట్టు. దానికి ఇంకో వేలు చేరిస్తే ‘ఎఫ్’. పట్లు పట్టడం ఒక పూటలో వస్తుంది. ఒక పట్టు వదిలి ఇంకోటి పట్టుకోవడానికే నెలలు పడతాయి. అందరం చేసే తప్పు ఒకటే. ఎడమచెయ్యి తడబడగానే కుడిచెయ్యి ఆపేసి, వేళ్లు సర్దుకుని, మళ్లీ మొదలెడతాం. అలా ఆగడమే అలవాటైపోతుంది. ఎడమచేతికి ఏదైనా కానివ్వండి, కుడిచెయ్యి మాత్రం ఆగకూడదు. తప్పు కార్డు పడితే పడనీ, డబడబమని చెక్క చప్పుడే రానీ, తాళం నడవాలి. ఉద్యోగాల్లో కూడా నేను చూసింది ఇదే. ప్రెజెంటేషన్ మధ్యలో ఒక అంకె తప్పు చెప్పి, క్షమాపణలు చెబుతూ అక్కడే మునిగిపోయినవాళ్లు ఎంతమంది! దిద్దుకుని ముందుకెళ్లినవాడి తప్పు గంట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇజ్రాయెల్ కమకవివోలే అనే హవాయి గాయకుడు 1988లో ఒక రాత్రివేళ స్టూడియోకి వెళ్లి, పాత ఇంగ్లీషు పాటలు రెండు కలిపి ఒక్క ఉకులేలే పట్టుకుని ఒకే విడతలో పాడేశాడు. అసలు పాటలోని మాటలు అక్కడక్కడా మారిపోయాయి. మళ్లీ పాడి సరిదిద్దలేదు. 1993లో అది అతని ఆల్బంలో వచ్చింది. ప్రపంచంలో ఉకులేలే చేతపట్టిన వాళ్లలో సగం మంది ఆ పాట విన్నాకే పట్టి ఉంటారని నా అనుమానం.

సాధన అనగానే మీకు వేమన్న పద్యం గుర్తొస్తుంది, నేను రాయక్కర్లేదు. పక్కింటివాళ్లను ఏం చెయ్యాలో మాత్రం ఆ పద్యంలో లేదు. నేను రోజుకు పదిహేను నిమిషాలు, రాత్రి తొమ్మిదిలోపు ముగిస్తానని ముందే చెప్పి ఒప్పందం చేసుకున్నాను. ఆ గడువు వల్ల నాకే మేలు జరిగింది. గంట ఉందనుకుంటే వాయిదా వేస్తాం, పావుగంటే ఉందనుకుంటే కూర్చుంటాం.

మామిడి ఉకులేలే వచ్చిన రోజు అమ్మ ఇంట్లోనే ఉంది. ఆవిడ పెళ్లికి ముందు ఆరేళ్లు వీణ నేర్చుకుంది. పెళ్లయ్యాక ఎందుకు మానేసిందో మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నాతో సహా. శ్రుతి చేసి, ఖాళీ తీగలు నాలుగూ పైనుంచి కిందికి ఒక్కొక్కటే మీటాను. కూర తరుగుతున్న అమ్మ కత్తిపీట ఆపింది.

“ఒరేయ్, మళ్లీ మీటు.”

మీటాను.

“ప, స, గ, ద. మోహనంలా ఉందే ఇది. రిషభం ఏదిరా?”

ఏడాదికి పైగా ఆ నాలుగు తీగలూ మీటుతున్నాను. జి, సి, ఇ, ఎ అని ఇంగ్లీషు అక్షరాలుగానే నాకు తెలుసు. మోహన రాగానికి కావలసిన అయిదు స్వరాల్లో నాలుగు ఖాళీ తీగల మీదే ఉన్నాయని నా బుర్రకి తట్టలేదు. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి దాన్ని నా దగ్గర్నుంచి లాక్కుంది. నాలా గుండెకు ఆనించుకోలేదు, వీణలా ఒళ్లో పడుకోబెట్టుకుంది. చూపుడువేలూ మధ్యవేలూ జంటగా మెట్ల మీద నడిపించి పైనుంచి రెండో తీగ, రెండో మెట్టు దగ్గర ఆగింది.

“ఇదుగో, ఇక్కడ దాక్కుంది.”

తర్వాత గాంధారం దగ్గర తీగని పక్కకి లాగి చూసింది. అంత బుల్లి నైలాన్ తీగ ఏం లొంగుతుంది? “దీని మొహం, గమకం పలకదు” అని మూతి విరిచి, మళ్లీ షడ్జం నుంచి మొదలెట్టింది. చిన్నప్పుడు నేర్చుకున్న గీతం. మధ్యలో రెండుసార్లు తప్పింది. తాళం మాత్రం కాలి బొటనవేలితో నడుస్తూనే ఉంది.

స్టవ్ మీద టీ పొంగింది.

“కట్టెయ్” అంది, తలెత్తకుండా.