ఊరి దాపున పెట్రోలు బంకు: రైతు అడుగవలసిన ప్రశ్నలు

మండల కేంద్రములయందును, చిన్న పట్టణములయందును క్రొత్తగా పెట్రోలు బంకు పెట్టుదురను వార్త పుట్టగానే ఊరు రెండు పక్షములగుట మనమెల్లరము ఎఱిగినదే. ఒక పక్షమువారు “బంకు రావలయును” అందురు. రెండవ పక్షమువారు “రాకూడదు” అందురు. రచ్చబండకడ మొదలైన మాట పంచాయతీ సభకును, అచ్చటినుండి కలెక్టరుగారి కచేరికిని పోవును. తుదకు ఎవరి పలుకుబడి యెక్కువయో వారి మాటయే చెల్లును. ఈ వాదమునందు పొలమును బావియు గల రైతు సామాన్యముగా ప్రేక్షకుడై యుండును. అట్లుండరాదనియు, “కావలయునా, వలదా” అను ప్రశ్నకంటె “ఎక్కడ, ఎట్లు, ఎవరి తనిఖీలో” అను ప్రశ్నయే ముఖ్యమనియు తెలుపుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. ఉభయ పక్షముల వాదము

కావలయుననువారి మాటలో సత్యము కలదు. నేడు దమ్ము మొదలు కోతవరకు సేద్యమంతయు యంత్రములమీద నడచుచున్నది. బంకు 15 కిలోమీటర్ల దూరమున ఉన్నచో రానుపోను 30 కిలోమీటర్లు. అదను తప్పక దమ్ము చేయవలసిన దినమున ఒక మనిషి, ఒక బండి, ఒక పూట ఆ ప్రయాణమునకే చెల్లిపోవును. అందువలన రైతులు డబ్బాలతో డీజిలు తెచ్చి ఇంటిలోనో, పశువుల కొట్టములోనో, గడ్డివామి ప్రక్కనో నిలువచేయుదురు. ఊరంతటా ఇట్లు చెదరియున్న డబ్బాలకంటె, నియమము ప్రకారము కట్టిన ఒక్క బంకు క్షేమకరమనుట అబద్ధము కాదు.

వలదనువారి మాటలోను సత్యము కలదు. అగ్నిభయము, బడిపిల్లలు నడచు త్రోవలో ట్యాంకరు లారీల రాకపోకలు, వాసన, నీటి చెరుపు అను నాలుగింటిని వారు చెప్పుదురు. వీనిలో మొదటి మూడును కంటికి కనబడునవి గనుక సభలో వానినిగూర్చియే కేకలు పుట్టును. నాలుగవది నేలలోపల జరుగునది. రైతునకు మిక్కిలి సంబంధించినది అదియే. మిక్కిలి తక్కువగా చర్చింపబడునదియు అదియే.

2. నిప్పునుగూర్చి తెలిసికొనవలసినది

పెట్రోలును డీజిలును ఒక తీరువి కావు. పెట్రోలు మిక్కిలి చలిలో సైతము ఆవిరి విడుచును. ఆ ఆవిరికి నిప్పురవ్వ తగిలినచో అంటుకొనును. డీజిలు అంత తేలికగా ఆవిరికాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. కావున అది పొగవలె పైకి పోక, నేలనంటి ప్రాకుచు, మురుగుకాలువలలోను గుంటలలోను నిలుచును. బంకునకు దూరముగా నున్న పొయ్యినుండియు ప్రమాదము రాగలుగుటకు కారణమిదియే.

మఱియొక గుణమును మరువరాదు. పెట్రోలును డీజిలును నీటిపై తేలును. ఒక గిన్నెడు నీటిలో రెండు చుక్కల డీజిలు వేసి చూడుడు. అది అడుగునకు పోక పైన రంగుల పొరవలె పఱచుకొనును. 2015 జూన్ 3వ తేదీ రాత్రి ఆఫ్రికాలోని ఘనా దేశపు రాజధానియైన అక్రాలో ఈ గుణమే ప్రాణాంతకమైనది. పెద్దవానకు వీథులు మునుగగా జనులు తలదాచుకొనుటకై ఒక బంకు పందిరి క్రింద చేరిరి. ఇంధనము వరదనీటిపై తేలి వ్యాపించెను, దానికి నిప్పంటుకొనెను. ఆ రాత్రి వరదవలనను మంటలవలనను 150 మందికి పైగా మరణించిరి. కావున చెఱువు అలుగు పారు త్రోవలోను, వాగు పొంగి నీరు నిలుచు పల్లములోను బంకు పెట్టుదుమనినచో, ఆ సంగతిని అధికారులకు చెప్పవలసినది ఆ నేల నడవడిని తరతరములుగా ఎఱిగిన రైతే.

3. నేలలోపల జరుగు పని

బంకునందు కనబడు యంత్రములు పైకప్పు వంటివి మాత్రమే. అసలు సరకు భూమిలో పూడ్చిన ట్యాంకులలో నుండును. ఆ ట్యాంకులకు తుప్పు పట్టినను, గొట్టముల అతుకులు వదలినను కారుట మొదలగును. ఎవరికిని కనబడదు. సెకండునకు ఒక్క చుక్క కారుచున్నదనుకొందము. 40 చుక్కలు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కించినచో దినమునకు రెండు లీటర్లకు పైగా, మాసమునకు 60 లీటర్లకు పైగా నేలలో దిగును.

పెట్రోలులో బెంజీను అను ద్రవ్యము కలదు. అది రక్తపు కేన్సరును కలిగించునని వైద్యశాస్త్రము నిశ్చయించినది. మన దేశమున 2020 ఏప్రిల్ నుండి అమలులోనున్న నియమము ప్రకారము పెట్రోలులో అది నూటికి ఒక వంతుకు మించరాదు. అనగా లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్ల వరకు, తూకమున సుమారు 8.8 గ్రాములు ఉండవచ్చును. త్రాగునీటిలో బెంజీను లీటరునకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. లెక్క వేయుడు: ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీను అంతయు నీటిలో కరగినచో 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని ఆ హద్దునకు తెచ్చును. 6 మీటర్ల అడ్డుకొలతయు 10 మీటర్ల నీటిలోతును గల బావిలో ఇంచుమించు 2 లక్షల 83 వేల లీటర్లు పట్టును. అనగా అట్టి మూడు బావుల నీరు. అదియంతయు నిజముగా బావినే చేరునని మేము చెప్పుట లేదు. కొంత ఆవిరియగును, కొంత మట్టిని పట్టుకొనును, కొంత సూక్ష్మజీవులచే నశించును. అయినను ఒక్క లీటరు ఎంతటిదో ఈ లెక్కవలన తెలియును.

వాసన లేదు గనుక నీరు మంచిదనుకొనరాదు. ఆ హద్దునకు ఎన్నో రెట్లు మించినగాని బెంజీను మన ముక్కునకు తెలియదు.

ఇది వట్టి ఊహ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున శాంటామోనికా అను నగరము కలదు. అచ్చటి ఊటబావులలో 1996వ సంవత్సరమున, పెట్రోలులో కలుపు ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యము కనబడెను. నగరమునకు కావలసిన నీటిలో సుమారు సగమునిచ్చు బావులను మూసి, నీటిని వెలినుండి కొనవలసివచ్చెను. ధనిక నగరము గనుక కొనగలిగెను. ఒక బావిమీద ఆధారపడిన రైతు ఎచ్చట కొనగలడు?

4. నేలనుబట్టి జాగ్రత్త

విత్తనము నేలనుబట్టి ఎన్నుకొనునట్లే, ఈ పనిలోను నేలను చూడవలయును. ఇసుకపాలు హెచ్చుగా గల ఎఱ్ఱనేలలో కారినది త్వరగా లోనికి దిగును. నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు వారును, వానకాలమున ఉబ్బును. ఈ కదలికవలన గొట్టముల అతుకులు వదలవచ్చును, నెఱ్ఱెలే కారినదానికి త్రోవయు కావచ్చును. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఊటనీరు పైననే యుండుచోట్ల, ఖాళీ ట్యాంకును నీరు దోనెవలె పైకి ఎత్తును. దానిని కాంక్రీటు దిమ్మకు బిగింపనిచో గొట్టములు తెగును.

భూగర్భజలము తఱచుగా నేలవాలును అనుసరించి నడచును. బంకునకు ఎగువనున్న బావికంటె దిగువనున్న బావికే భయమెక్కువ. అయితే ఎడతెగక తోడు బోరుబావి చుట్టునున్న నీటిని తనవైపు లాగుకొనును గనుక, ఎగువను ఉన్నామని నిశ్చింతగా నుండరాదు.

5. నిబంధనలు ఏమి చెప్పుచున్నవి

పెట్రోలియము నిలువ చేయుట 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టమునకును, 2002వ సంవత్సరపు నిబంధనలకును లోబడినది. బంకునకు లైసెన్సు ఇచ్చుట, భద్రతను చూచుట నాగపురము కేంద్రముగా గల పెట్రోలియము, విస్ఫోటక పదార్థముల భద్రతా సంస్థ పని. దానికి ముందు జిల్లా అధికారి నిరభ్యంతర పత్రము ఈయవలయును. దరఖాస్తు అందిన మూడు మాసములలోగా విచారణ ముగించి ఇచ్చుటయో నిరాకరించుటయో చేయవలెనని నిబంధన. కావున గోడలు లేచిన పిదప ధర్నా చేయుటకంటె, ఈ మూడు మాసములలో వ్రాతమూలకముగా అర్జీ పెట్టుటయే ఫలవంతము.

2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి క్రొత్త బంకులకు దూరపు హద్దులు ఏర్పరచినది. బడులకును, పది పడకలకు తక్కువకాని ఆసుపత్రులకును, నివాసస్థలములుగా నిర్ణయింపబడిన ప్రదేశములకును 50 మీటర్లలోపల బంకు ఉండరాదు. అంత దూరము వీలుకానిచోట అదనపు భద్రతా సాధనములు పెట్టవలయును. ఎట్టి పరిస్థితిలోను 30 మీటర్లకు తగ్గరాదు. ఈ దూరమును స్థలపు ప్రహరీనుండి గాక, ట్యాంకు నింపు చోటు, పంపు యంత్రము, ఆవిరి గొట్టము అను మూడింటిలో దగ్గరగా ఉన్నదానినుండి కొలువవలయును. హెచ్చు విద్యుత్తు తీగలు బంకు మీదుగా పోరాదు.

ఈ దూరపు నిబంధనలో బడి పేరున్నది, ఆసుపత్రి పేరున్నది, నివాసము పేరున్నది. పొలములో ఒంటరిగా నున్న బావి పేరు లేదు. ఆ బావి పక్షమున మాటలాడవలసినవాడు దాని యజమానియే.

6. సభలో అడుగవలసిన ప్రశ్నలు

(అ) ట్యాంకులు ఒంటి గోడవా, జంట గోడలవా? కారుట తెలుపు సాధనము కలదా?

(ఆ) చుట్టునున్న బావులను, బోరులను, చెఱువులను, వాగులను పటములో గుర్తించితిరా?

(ఇ) వాననీరును, తొట్రుపాటున ఒలికిన నూనెయు ఏ కాలువలోనికి పోవును? ఆ కాలువ ఎవరి పొలమును చేరును?

(ఈ) ట్యాంకులోని సరకును దినదినము కొలిచి లెక్క వ్రాయుదురా? గాదెలో ధాన్యమును కొలిచినట్లు, నిన్నటి నిలువకు వచ్చినది కలిపి, అమ్మినది తీసివేసినచో నేటి నిలువ తేలవలయును. ఆవిరివలన కొంచెము తేడా సహజము. దినదినమును తరుగుదలయే కనబడుచున్నచో పరీక్షింపవలయును.

(ఉ) బావినీరు చెడినచో ఎవరు బాధ్యులు? ఈ మాట కాగితముపై ఉన్నదా?

అన్నిటికంటె ముఖ్యమైన పని ఒకటి కలదు. బంకు తెఱవకముందే దగ్గరి బావుల నీటిని పరీక్ష చేయించి ఆ పత్రమును భద్రపఱచుడు. తరువాత నీరు చెడినదని చెప్పునప్పుడు, మునుపు మంచిగా ఉండెననుటకు సాక్ష్యము అదియే. గ్రామములలో వాడు చిన్న పరీక్షపెట్టె దీనికి చాలదు. బెంజీనును కొలువగల ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రయోగశాలకే పంపవలయును. వారిచ్చు గాజుసీసాను గాలిబుడగ లేకుండ అంచువరకు నింపి, బిగించి, మంచుగడ్డల నడుమ ఉంచి వెంటనే చేర్పవలయును. లేనిచో బెంజీను దారిలోనే ఆవిరియై ఫలితము తప్పగును. ఖర్చు ఒక్కనికి బరువైనచో పదిమంది బావిగలవారు కలసి భరింపవచ్చును. సహకారమునకు ఇంతకంటె తగిన పని ఏమున్నది?

7. సంఘమే బంకు పెట్టినచో

2023వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకును పెట్రోలు, డీజిలు చిల్లర బంకులు పొందు వీలు కల్పించినది. లాభము సభ్యులకే చేరుట, కొలతయందు నమ్మకము, అదనులో డీజిలు దొరకుట మంచివే. కాని రెండు సంగతులు తలపోయవలయును. మొదటిది పెట్టుబడి: 12,000 లీటర్ల ట్యాంకరును లీటరు 95 రూపాయల చొప్పున దింపుకొన్నచో ఒక్కసారికే 11 లక్షల 40 వేల రూపాయలు కావలయును. బంధుత్వమును, మొగమాటమును చూచి అరువులిచ్చినచో రెండవ ట్యాంకరునకు సొమ్ముండదు. రెండవది న్యాయము: పరుల బంకును అడిగిన ప్రశ్నలన్నిటిని మన బంకునుగూడ అడుగవలయును. పరుని ట్యాంకు కారినచో నేరమనియు, మన ట్యాంకు కారినచో పొరపాటనియు అనరాదు. సంఘపు బంకునకు దిగువనున్న బావి ఒక పేదసభ్యునిదైనచో, మహాసభలో అతని మాటను ముందుగా వినవలయును.

రైతు సోదరులారా! మీ ఊరిలో ఇట్టి వాదము పుట్టినపుడు ఏ పక్షమున చేరుదమా అని చూడకుడు. కొలతగొలుసు పట్టుకొని స్థలమునకు పొండు, బావులను లెక్కించుడు, నీటివాలును చూడుడు, చూచినదానిని అర్జీలో వ్రాసి, రసీదు తీసికొనుడు. స్థలము తగినదైనచో బంకును స్వాగతింపుడు. తగనిదైనచో తగిన స్థలమును మీరే చూపుడు. బంకును ఫర్లాంగు అవతల కట్టవచ్చును. చెడిన ఊటను బాగుచేయుటకు ఏండ్లు పట్టును.