పాడియు కాయకమే

కాయకమనగా కేవలము శరీరకష్టము కాదు. సత్యముతో, శ్రద్ధతో, శివార్పణబుద్ధితో చేయు జీవనవృత్తియే కాయకము. అట్లు ఆర్జించినదానిని పంచుకొనుట దాసోహము. 12వ శతాబ్దిలో కల్యాణపట్టణమున బసవేశ్వరుడు బోధించిన ఈ రెండు ధర్మములను పాడి గల ఇల్లు ప్రతిదినము పరీక్షించుచుండును.

నగరం, రేపల్లె ప్రాంతముల డెల్టా పల్లెలలో వరిచేనికి పాడిగేదె తోడు. వరిగడ్డి పశువునకు మేత. పశువు పేడ చేనికి ఎరువు. వరి తరువాత పెరిగిన పిల్లిపెసర పచ్చిమేత. పంట సొమ్ము కోతలకు గాని రాదు. పాలసొమ్ము నెల తిరుగకమునుపే చేతికందును. 1977లో ఏర్పడిన వడ్లమూడి సంగం డెయిరీ వంటి సంస్థలు వెన్నశాతమును బట్టి వెల కట్టి పాలు కొనుచున్నవి.

కాని ఈ వృత్తికి సెలవు లేదు. పండుగ వచ్చినను, ఇంట పెండ్లి జరిగినను, జ్వరము తగిలినను కోడికూత వేళకు పేడ ఎత్తవలెను, పాలు పితుకవలెను. సాయంకాలము మరల అదే పని. గడ్డి ఒక్కటే చాలదు. తవుడు, చెక్క, పచ్చిమేత కావలెను. తొలకరికి ముందే గొంతువాపు టీకా వేయింపవలెను. ఈనుటకు రెండు నెలల ముందు పాలు ఆపవలెను. మేత ఖర్చు మాత్రము ఆగదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో కృష్ణా, గుంటూరు జిల్లాల తీరగ్రామములలో మనుష్యులతో పాటు వేలకొలది పశువులు నశించినవి. పశువే ఆస్తియైన కుటుంబములకు అది రెండింతల దుఃఖము.

ఇక కఠినమైన ప్రశ్న యొకటి కలదు. ట్రాక్టరు వచ్చినపిదప దున్నదూడకు పని తగ్గినది. పెయ్యదూడకు పాలు విడిచి, దున్నదూడను ఎండగట్టు ఇండ్లు కలవు. పేద రైతు లెక్కకు అది లాభముగా తోచవచ్చును. అయినను, దూడ నోటినుండి లాగిన పాలు అర్పణకు తగునా? పాల్కురికి సోమనాథుని బసవపురాణములో గొడగూచి యను బాలిక, శివుడు పాలు త్రాగువరకు విడువలేదు. త్రాగించుటయే ఆమె భక్తి.

కనుక పాడికి ఒక క్రమము ఉండవలెను. ఈనిన గంట రెండు గంటలలో దూడకు జున్నుపాలు త్రాగింపవలెను. రోగములను ఎదుర్కొను శక్తి దానికి వానివలననే కలుగును. మొదటి దినమున దూడ బరువులో పదవవంతు పాలు అవసరము. మిగిలినదే జున్నుగా ఇరుగుపొరుగులకు పంచవలెను. పిమ్మట దూడ మేత మరగువరకు, పెయ్యయైనను దున్నయైనను, ఒక చన్ను పాలు విడువవలెను. తరువాత ఇంటి పిల్లలకు, ఆపైని అమ్మకమునకు. పాలలో నీరు కలుపుట కాయకమును కల్తీచేయుటయే. పాడిపనిలో అధికభాగము స్త్రీలదే గాన పాలసొమ్ముపై వారికి అధికారముండుట న్యాయము.

ఇట్లు నడిచిన ఇంట లాభము కొంత తగ్గవచ్చును. కాని పిల్లలకు మజ్జిగ, చేనికి ఎరువు, ఇంటికి నిత్యము చేతిసొమ్ము, నోరులేని జీవిని ఆకలితో ఉంచలేదను నెమ్మది లభించును. ఇది కాయకఫలము.

ఆలోచింపుడు:
1. మన పాకలో దున్నదూడకు దక్కు పాలెన్ని?
2. మన ఇంట పాలసొమ్ము ఎవరి చేతిలో నున్నది?
3. మన పాడిలో దాసోహభాగము ఏది?