జీతంతోపాటు రోస్టర్ కూడా అడగండి

బీఈడీ చేసి ప్రైవేటు స్కూల్లో చేరబోయేవారైనా, బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో పూర్తిచేసి ఆసుపత్రి ఇంటర్వ్యూకి వెళ్లేవారైనా ముందుగా అడిగేది జీతం గురించే. నెలకి ఎన్ని నైట్ డ్యూటీలు, ఒక్క నర్సు ఎంతమంది రోగుల్ని చూడాలి, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతారా అని ఎవరూ పెద్దగా అడగరు. ఈ వృత్తుల్లో మనిషి ఆరోగ్యంగా నిలబడతాడా లేదా అన్నది చాలావరకు తేలేది ఈ ప్రశ్నల దగ్గరే. మనల్ని మనం చూసుకోవడమంటే యోగా, ధ్యానం, పొద్దుటి నడక అనుకుంటాం. అవి మంచివే, కానీ పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవారికి ధ్యానం చేయమని చెప్పడం తేలిక, ఆ డ్యూటీని తగ్గించడమే కష్టం.

పని ఒత్తిడితో మనిషి లోలోపల ఖాళీ అయిపోవడాన్ని ‘బర్నవుట్’ అంటున్నాం. మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ దీనికి మూడు లక్షణాలు చెప్పారు: తీరని అలసట, ఎదుటి మనిషి మీద విముఖత, తన పనికి విలువ లేదన్న భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల కింద కాకుండా పనికి సంబంధించిన సమస్యగా లెక్కగట్టింది. అంటే మూలం మనిషి బలహీనతలో కాదు, పని జరిగే తీరులో ఉందన్నమాట. డాక్టర్ల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి ఒక సమీక్షలో కూడా, వ్యక్తులకిచ్చే శిక్షణ కంటే సంస్థ పనివేళల్లోనూ పద్ధతుల్లోనూ చేసిన మార్పులే ఎక్కువ ఫలితమిచ్చాయి.

‘ఇది సేవ, గంటలు లెక్కపెట్టుకునేవాళ్లు ఇటు రాకూడదు’ అనే పెద్దలుంటారు. సేవ అందుకునే రోగి వైపు నుంచే చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నర్సుకు ఒక్క రోగి అదనంగా ఉంటే, శస్త్రచికిత్స అయినవారు నెలలోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సుకు బర్నవుట్ వచ్చే అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి. గంటలు లెక్కపెట్టడం సేవకు అడ్డం కాదు, రోగికి రక్షణ. మన విద్యాహక్కు చట్టం కూడా ప్రాథమిక స్థాయిలో సుమారు 30 మంది పిల్లలకు ఒక టీచరన్న లెక్క ఊరికే పెట్టలేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఉద్యోగమే దొరకనిచోట ఈ ప్రశ్నలడిగితే ఎవరు తీసుకుంటారు? నిజమే. కొత్తవారికి బేరమాడే బలం తక్కువ. అందుకే యాజమాన్యాన్ని కాకుండా, అక్కడ పనిచేస్తున్నవారినీ, ఈమధ్యే మానేసినవారినీ అడగండి. ఏడాదిలో ఎంతమంది వెళ్లిపోయారో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. ఒప్పందం మీద సంతకం చేసేముందు బాండ్ ఎన్నేళ్లో, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారేమో చూడండి, ఎందుకంటే వదిలి రాలేని ఉద్యోగంలో ఏ జాగ్రత్తా పనిచేయదు. అవసరం కొద్దీ కష్టమైన చోటే చేరాల్సివస్తే, ఎన్నాళ్లుంటారో ముందే అనుకుని, ఆలోగా అనుభవం, కొంత పొదుపు కూడబెట్టుకోండి. ఉన్న సెలవుల్ని మురగబెట్టకండి. నిద్ర పట్టకపోయినా, పిల్లల మీదో రోగుల మీదో కారణం లేకుండా విసుగొస్తున్నా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.