చెల్లికి మాటలు నేర్పుదాం

నాన్నగారికి జోధ్‌పూర్ బదిలీ అయినప్పుడు మా చెల్లికి ఐదు నెలలు. వీధిలో హిందీ, మార్వాడీ, ఇంట్లో తెలుగు. “రెండు మూడు భాషలు వింటే పాపకు మాటలు ఆలస్యమవుతాయి, హిందీలోనే మాట్లాడండి” అని పక్కింటి ఆంటీ అన్నారు. అమ్మ దిగులు పడింది. తెలుగు మానేస్తే, రేపు చెల్లి అమ్మమ్మతో ఎలా మాట్లాడుతుంది? అందుకే నేను ఈ విషయం చదివి తెలుసుకున్నాను.

బిడ్డ వినడం పుట్టకముందే మొదలవుతుంది. కడుపులో ఉన్న చివరి నెలల్లోనే తల్లి గొంతు వింటుంది. పుట్టాక రెండు మూడు నెలలకు ‘ఊ’ కొడుతుంది. ఆరేడు నెలలకు ‘బబబ’, ‘తతత’ అంటుంది. ఏడాది వయసు దగ్గర మొదటి మాట వస్తుంది. రెండేళ్ళు నిండేసరికి ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ వంటి రెండు మాటల వాక్యాలు వస్తాయి. కొందరికి కాస్త ముందు, కొందరికి కాస్త వెనుక.

పసిపిల్లల చెవి చాలా చురుకైనది. ‘పాత’, ‘పాట’ పలికి చూడండి. త, ట మనకు వేరు వేరు. ఇంగ్లిషులో ఈ తేడా లేదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు హిందీలోని ఇలాంటి ధ్వనులనే ఇంగ్లిషు ఇళ్ళ పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది తేడా గుర్తుపట్టారు. ఏడాది దగ్గరపడ్డ పిల్లల్లో ఆ శక్తి బాగా తగ్గిపోయింది. ఈ ఫలితాలు 1984లో వెలువడ్డాయి. అంటే రోజూ వినే ధ్వనులనే చెవి నిలుపుకుంటుంది.

మరి టీవీ పెడితే సరిపోదా? అమెరికాలో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు నేర్చుకున్నారు. అవే మాటలు తెరమీద వింటే నేర్చుకోలేదు. 2003లో వచ్చిన ఈ ఫలితం చూసి, చెల్లి ముందు ఫోన్ పెట్టడం మానేశాను.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లలు మొదట్లో ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేస్తారు. అది తప్పు కాదు, నేర్చుకుంటున్నారనడానికి గుర్తు.

మీ ఇంట్లో చంటిపిల్లలు ఉంటే ఇలా చేయండి:

1. ముఖంలోకి చూస్తూ మాట్లాడండి.
2. స్నానం చేయించేటప్పుడు, బువ్వ తినిపించేటప్పుడు చేసే పని పైకి చెప్పండి: “ఇదిగో నీళ్ళు, ఇది నీ చెయ్యి.”
3. బిడ్డ ‘ఊ’ అంటే మీరూ బదులివ్వండి. తర్వాత ఆగి, మళ్ళీ అనే అవకాశమివ్వండి.
4. వేలితో చూపించినదాని పేరు చెప్పండి.
5. జోలపాట పాడండి, బొమ్మల పుస్తకం చూపించండి.
6. చప్పుడుకు తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా డాక్టరుకు చూపించమని పెద్దలకు చెప్పండి.

ఇప్పుడు చెల్లికి పద్నాలుగు నెలలు. పక్కింటి ఆంటీని చూస్తే ‘పానీ’ అంటుంది. ఫోన్‌లో అమ్మమ్మ కనబడితే ‘అమ్మమ్మమ్మ’ అంటుంది. ఒక ‘మ్మ’ ఎక్కువైనా అమ్మమ్మ ఏమీ అనుకోవడం లేదు. బదిలీలో మన సామానుతోపాటు మన భాషా వెంట రావాలి. దాన్ని మోసుకెళ్ళడానికి లారీ అక్కర్లేదు, రోజూ మాట్లాడితే చాలు.