చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ కొనుగోళ్ళలో వాటా - అర్హులెవరు?

ఒక గ్రామమున ఇరువురున్నారనుకొందము. ఒకరు కొలిమి పెట్టుకొని కొడవళ్ళు, పారలు చేయుచున్నారు. మరొకరు అవే పనిముట్లను విజయవాడలో కొని తెచ్చి అమ్ముచున్నారు. ఇరువురికిని ఉద్యమ్ రిజిస్ట్రేషను పత్రము కలదు. కేంద్రప్రభుత్వ కొనుగోళ్ళలో చిన్న పరిశ్రమలకు కేటాయించిన వాటా మాత్రము మొదటివారికే దక్కును. ఈ భేదమును పంచాయతీ సభ్యులు ముందుగా గ్రహించినచో గ్రామస్థుల కాలము, ధనము వృథా కావు.

2012వ సంవత్సరపు ఉత్తర్వు ననుసరించి కేంద్రశాఖలు, కేంద్రప్రభుత్వ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో కొంతభాగము సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి కొనవలెను. మొదట 20 శాతముగా నున్న ఈ వాటా 2018లో 25 శాతమైనది. ఇందులో 4 శాతము షెడ్యూల్డు కులములు, తెగలవారి పరిశ్రమలకును, 3 శాతము స్త్రీల పరిశ్రమలకును చెందును. చేతి వ్యవసాయ పనిముట్లు, ముళ్ళతీగ, కట్టుగుడ్డ మొదలైన 358 వస్తువులను చిన్న పరిశ్రమలనుండియే కొనవలెను.

అర్హతకు మూడు ప్రశ్నలు కలవు.

మొదటిది, పరిశ్రమ ఎంతటిది? 2025 ఏప్రిల్ 1 నుండి యంత్రసామగ్రిపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలకును, సాలుసరి అమ్మకములు 10 కోట్లకును మించనిది సూక్ష్మపరిశ్రమ. 25 కోట్లు, 100 కోట్లు చిన్న పరిశ్రమకు హద్దులు.

రెండవది, చేయు పని యేది? స్వయముగా వస్తువును తయారుచేయువారు, సేవ నందించువారు అర్హులు. వర్తకులకు 2021లో ఉద్యమ్ రిజిస్ట్రేషను లభించినను, అది బ్యాంకు ఋణముల ప్రాధాన్యమునకు మాత్రమే.

మూడవది, కొనువారెవరు? విజయవాడ రైల్వే డివిజను, మచిలీపట్నమునందలి భారత్ ఎలక్ట్రానిక్స్ కేంద్రమునకు చెందినవి. వాటికి ఈ ఉత్తర్వు వర్తించును. రాష్ట్రశాఖలకు, పంచాయతీలకు రాష్ట్ర నియమములు వేరు.

అర్హులకు టెండరు పత్రములు ఉచితము, ధరావతు కట్టనక్కరలేదు. పెద్ద సంస్థ 100 రూపాయల కనిష్ఠధర వేయగా, చిన్న పరిశ్రమ 112 వేసినదనుకొందము. తేడా 15 శాతము లోపలిది గనుక, 100కు దిగివచ్చినచో దానికి ఆర్డరులో నాల్గవవంతు లభించును.

సరకిచ్చిన పిమ్మట సొమ్ము రాకున్న చిన్నవాడు చితికిపోవును. అందుచే 2006వ సంవత్సరపు చట్టము గడువును 45 దినములకు మించనీయలేదు. మించినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించవలెను. తగవు వచ్చినచో రాష్ట్రమునందలి ఫెసిలిటేషను కౌన్సిలు నాశ్రయించవచ్చును.

ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు రుసుము లేదు. ఆధారు సంఖ్యతోపాటు పాన్ సంఖ్యయు కావలెను. దళారులకు పైక మీయ నక్కరలేదు. భాగస్వామ్యమున స్త్రీల వాటా 51 శాతమైననే అది స్త్రీల పరిశ్రమ యనిపించుకొనును. పేరుకు భార్యను నిలిపి పెత్తనము తాను చేయుట ఆమె హక్కును హరించుటయే.

మీ గ్రామమున బుట్టలల్లువారు, కుట్టుపనివారు, కమ్మరులు ఎవరెవరున్నారో పట్టిక వ్రాసి, ఈ మూడు ప్రశ్నలును వారితో కూర్చుండి చర్చింపుడు. అర్హుడైనవాడు తెలియక వెనుకబడిన, ఆ వాటా ఇంకొకరి పాలగును.