చెరువు మీద హక్కు, చెరువుకు కాపలా



ప్రతి ఏటా ఏప్రిల్ 14న మనం మహద్ చెరువు గురించి చెప్పుకుంటాం. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. ఆ తీర్మానం కాగితం దాటలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ వేలాది మందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. ఆ తర్వాత కూడా 1937 వరకు కోర్టులో పోరాడవలసి వచ్చింది. ఊరి నీటి మీద హక్కు మనకు ఊరికే రాలేదు. అయితే చెరువే పూడిపోతే ఆ హక్కుతో ఏం చేసుకుంటాం? అందుకే చెరువులను, వాగులను, వాటిని నమ్ముకున్న జీవులను స్థానిక సంస్థలు ఎలా కాపాడగలవో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఉప్పలపాడు నేర్పే పాఠం

గుంటూరు దగ్గర, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉంది. అక్కడ పక్షులు ఉండేది అడవిలో కాదు, ఊరి చెరువులో. నీటి మధ్య సర్కారు తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. చుట్టూ నీళ్ళు ఉంటే కుక్కలు, పిల్లులు గూటి దాకా రాలేవు. చెట్లు నరికినా, నీళ్ళు ఎండినా, జనం బెదరగొట్టినా పక్షులు ఆ చోటు వదిలేస్తాయి. ఊరివాళ్ళు వాటిని వేటాడనివ్వరు. చెట్లు చాలకపోతే చెరువులో ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. అటవీశాఖ సాయం ఉన్నా, ఊరి కాపలా లేకుండా ఇది సాగేది కాదు.

చట్టాలు ఏం చెబుతున్నాయి?

1. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలలో చిన్నతరహా నీటిపారుదల, చేపల పెంపకం, సామాజిక అడవులు ఉన్నాయి.

2. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెరువులు, కుంటల హద్దులు గుర్తించి, వాటిని వేరే అవసరాలకు మార్చకుండా కాపాడవచ్చు.

3. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయాలి. ఊరిలోని మొక్కలు, జంతువుల వివరాలను రిజిస్టరులో రాయించడం ఆ కమిటీ పని.

దాచకూడని మాట

మాలో కొందరి ఇళ్ళు వాగు పోరంబోకులోనే ఉన్నాయి. మా పెద్దలకు దొరికిన స్థలం అదే. పెద్ద వాన కురిసిన రాత్రి బియ్యం బస్తా మంచం మీదికి ఎత్తి కూర్చున్నవాళ్ళం మేము. వాగును కాపాడాలి అనగానే "అయితే మనల్ని లేపేస్తారా?" అని ఇంట్లో అడుగుతారు. ఆ భయం నిజమైనదే. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని చెప్పింది. ప్రభుత్వమే భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన చోట మినహాయింపు ఉండవచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. కాబట్టి పేదవాడి ఇంటికీ వాగుకూ మధ్య తగువు పెట్టనవసరం లేదు. మెరక మీద ఇంటిస్థలం ఇవ్వమని, వాగును వాగులా ఉంచమని రెండూ కలిపే అడగాలి. పొలం లేనివాడి గొడ్డు నీళ్ళు తాగేది ఊరి చెరువులోనే కదా!

మనం చేయవలసింది

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమయింది. ఊరు పెరిగేకొద్దీ వాగుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఓగేరు, నాగులేరు, చంద్రవంక ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన మనం సెలవులకు వెళ్ళినప్పుడు గ్రామసభకు వెళదాం. చెరువు హద్దులు ఎక్కడ ఉన్నాయో, జీవవైవిధ్య కమిటీలో ఎవరున్నారో అడుగుదాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు అర్జీ రాయడంలో మాకు సాయం చేయాలి.

మహద్ తీర్మానం కాగితం దగ్గరే ఆగింది. మన ఊరి తీర్మానం హద్దురాయి పాతేదాకా వదలకూడదు.